క్లినిక్ మూతపడితే కాన్పులు పెరుగుతాయా? లెక్క వేసే పద్ధతి

ఒక జిల్లాలో అబార్షన్ క్లినిక్ మూతపడింది. మరుసటి ఏడాది ఆ జిల్లాలో అబార్షన్లు తగ్గాయి. ఈ రెండు వాక్యాల మధ్య ‘అందువల్ల’ అని ఒక్క మాట చేర్చడానికి క్షణం చాలు. ఆ మాటను నిలబెట్టాలంటే మాత్రం నాలుగైదు పట్టికలు, కాస్త ఓపిక కావాలి. జనాభా లెక్కలు చదివే విద్యార్థులకు, ఆరోగ్యం మీద రాసే విలేకరులకు, జిల్లా స్థాయిలో పనిచేసే సంస్థల వాళ్లకు ఆ పట్టికలు ఎలా కట్టాలో, ఎక్కడ బోల్తా పడతారో ఇక్కడ చెబుతున్నాం.

నమూనాగా అమెరికాలోని టెక్సస్‌ను తీసుకున్నాం. అక్కడ 254 కౌంటీలు, ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం. 2013లో వచ్చిన ఒక్క చట్టంతో కొద్ది నెలల్లోనే రాష్ట్రంలోని అబార్షన్ క్లినిక్‌లలో దాదాపు సగం మూతపడ్డాయి. పైగా అబార్షన్ చేయించుకున్న మహిళ ఏ కౌంటీలో ఉంటుందో ఆ కౌంటీ వారీగా లెక్కలు బయటికి వస్తాయి. లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు. మన జిల్లాలకు అదే లెక్క ఎంతవరకు పనికొస్తుందో చివర్లో చూద్దాం. అక్కడ చిక్కులు వేరు.

ముందు: ఏ క్లినిక్ గురించి మాట్లాడుతున్నారు?

బోర్డు మీద ‘పునరుత్పత్తి ఆరోగ్య కేంద్రం’ అని ఉంటుంది. లోపల జరిగే పనులు రెండు రకాలు. గర్భం రాకుండా చూసేది ఒకటి: కాపర్ టీ, ఇంజెక్షన్, మాత్రలు, నిరోధ్. వద్దనుకున్న గర్భాన్ని తీసేది రెండోది. మొదటిది ఆగిపోతే అనుకోని గర్భాలు పెరుగుతాయి, దాంతో అబార్షన్లు, కాన్పులు రెండూ పెరుగుతాయి. రెండోది ఆగిపోతే అబార్షన్లు తగ్గి, కాన్పులు పెరుగుతాయి. ఒకే కేంద్రం రెండు పనులూ చేస్తూ మూతపడితే? అబార్షన్ల మీద ఒక ప్రభావం పైకి, ఇంకోటి కిందికి లాగి, అంకె కదలనట్టే కనిపించవచ్చు. ‘ప్రభావం ఏమీ లేదు’ అని రాసే వాళ్లలో చాలామంది ఇక్కడే పడతారు.

టెక్సస్‌లో సరిగ్గా ఈ కలగాపులగమే జరిగింది. 2011లో శాసనసభ కుటుంబ నియంత్రణ బడ్జెట్‌ను రెండేళ్లకు 11.1 కోట్ల డాలర్ల నుంచి 3.8 కోట్లకు కోసేసింది. 2013 మొదట్లో, కుటుంబ నియంత్రణ, అబార్షన్ సేవలు అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థ అనుబంధ క్లినిక్‌లను పేద మహిళల ఆరోగ్య పథకం నుంచి తప్పించారు. ఆ క్లినిక్‌లున్న కౌంటీలలో కాపర్ టీ, చేతిలో అమర్చే ఇంప్లాంట్ వంటి దీర్ఘకాల పద్ధతుల క్లెయిములు 35.5 శాతం, ఇంజెక్షన్ క్లెయిములు 31.1 శాతం పడిపోయాయి. అక్కడ అప్పటికే ఇంజెక్షన్ వాడుతున్న మహిళల్లో ప్రభుత్వ బీమా కింద జరిగిన కాన్పులు 27 శాతం పెరిగాయి. ఇదంతా నడుస్తుండగానే 2013 నవంబర్‌లో అబార్షన్ క్లినిక్‌ల మీద కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 2014లో పుట్టిన బిడ్డలందరినీ రెండో చట్టం ఖాతాలో రాస్తే తప్పు, మొదటి కోత ఖాతాలో రాసినా తప్పే.

కాబట్టి పట్టికలో ప్రతి కేంద్రం పక్కన రెండు గడులు పెట్టండి: ‘నిరోధక సేవలు ఉన్నాయా’, ‘అబార్షన్ సేవ ఉందా’. రెండింటి మూత తేదీలు వేరైతే వేర్వేరుగానే రాయండి.

క్లినిక్‌ల జాబితా నెల వారీగా

సంవత్సరం వారీగా జాబితా కడితే సగం కథ మాయమవుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం అబార్షన్ చేసే డాక్టరుకు 30 మైళ్లలోపు ఆసుపత్రిలో రోగులను చేర్చే అధికారం ఉండాలి. అది అమల్లోకి రాగానే, అంతకుముందు 41గా ఉన్న క్లినిక్‌లు 22కు దిగాయి. క్లినిక్ భవనం ఆపరేషన్ సెంటర్ ప్రమాణాలకు సరితూగాలన్న రెండో షరతు 2014 అక్టోబర్ 2న అమలైంది. ఆ దెబ్బకు మిగిలినవి పదిలోపే. అక్టోబర్ 14న సుప్రీంకోర్టు ఆ షరతును ఆపేసింది. పన్నెండు రోజుల కథ ఇది. ఏడాది సగటులో కనిపించనే కనిపించదు, కానీ ఆ పన్నెండు రోజుల్లో అపాయింట్‌మెంట్ ఉన్న మహిళకు అదే సర్వస్వం. దక్షిణ టెక్సస్‌లోని మెకాలెన్ క్లినిక్ 2013 నవంబర్‌లో ఆగి 2014 సెప్టెంబర్‌లో మళ్లీ మొదలైంది. 2016 జూన్ 27న సుప్రీంకోర్టు 5–3 తీర్పుతో రెండు షరతులనూ కొట్టేసింది. అయినా మూతపడినవి చాలావరకు తెరుచుకోలేదు. అద్దె ఒప్పందం పోయింది, సిబ్బంది చెదిరిపోయారు, లైసెన్సు మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. చట్టం పోయిన తేదీని క్లినిక్ తెరిచిన తేదీగా రాసుకోకండి.

జాబితాలో ఒక్కో వరుసకు ఇవి కావాలి: ఊరు, తెరిచిన నెల, మూసిన నెల, ఎన్ని వారాల వరకు చేస్తారు, మాత్రలా ఆపరేషనా లేక రెండూనా, వారానికి ఎన్ని రోజులు డాక్టరు ఉంటారు. ఆఖరి గడిని చాలామంది వదిలేస్తారు. వారానికి ఒక్క రోజు డాక్టరు వచ్చే క్లినిక్‌ను, ఆరు రోజులు నడిచే క్లినిక్‌ను ఒకే తూకంలో వేస్తే జాబితా ఎంత పొడుగున్నా వృథా.

దూరం కొలవడం

మ్యాపు మీద స్కేలు పెట్టి గీసే సరళరేఖ పనికిరాదు. రోడ్డు దూరం, వీలైతే ప్రయాణ సమయం తీసుకోండి. ఎక్కడి నుంచి కొలవాలన్నదీ ముఖ్యమే. జిల్లా నడిబొడ్డు నుంచి కాదు, జనం ఉండే చోటు నుంచి. జిల్లా మధ్యలో అడవి ఉంటే అక్కడి నుంచి కొలిచిన దూరం ఎవరి ప్రయాణమూ కాదు. మండలం వారీగా దూరం కొలిచి, మండలంలోని 15–49 ఏళ్ల మహిళల సంఖ్యతో గుణించి, మొత్తం కలిపి, జిల్లాలోని ఆ వయసు మహిళల సంఖ్యతో భాగించండి. అదే జిల్లా సగటు దూరం.

‘దగ్గరి క్లినిక్’ అంటే రాష్ట్ర సరిహద్దు అవతలిది కూడా లెక్కే. టెక్సస్‌లోని ఎల్ పాసోకు ఆనుకునే న్యూ మెక్సికోలోని శాంటా థెరెసా ఉంది. సొంత రాష్ట్రంలో క్లినిక్ మూతపడినా పక్కనే ఇంకోటి ఉన్నట్టు. టెక్సస్ పడమటి వైపున్న లబ్బక్ నగరం మహిళకు మాత్రం ఎటు పోయినా దాదాపు 300 మైళ్లు. మన దగ్గర చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. అక్కడివాళ్లకు దగ్గరి పెద్దాసుపత్రి తెలంగాణలోని భద్రాచలంలో ఉంది. రాష్ట్రం గీత దగ్గర కొలత ఆపేస్తే ఆ మండలాల దూరం కాగితం మీద అబద్ధమవుతుంది.

తర్వాత ప్రయాణాల సంఖ్య. టెక్సస్‌లో స్కానింగ్‌కు, అబార్షన్‌కు మధ్య 24 గంటలు ఆగాలన్న నియమం 2011లో వచ్చింది. 100 మైళ్లకు మించి దూరంలో ఉండేవాళ్లకు మాత్రం రెండు గంటలు సరిపోయేది. అంటే 90 మైళ్ల దూరంలో ఉన్న మహిళ రెండుసార్లు వెళ్లి రావాల్సి వచ్చేది లేదా రాత్రికి అక్కడే ఉండాల్సి వచ్చేది. పోను రాను రెండుసార్లు కలిపితే 360 మైళ్లు. 110 మైళ్ల దూరంలో ఉన్నామె ఒక్కసారిలో 220 మైళ్లతో పని ముగించుకోగలిగేది. కాగితం మీద దగ్గరున్నామెకే ప్రయాణం ఎక్కువ. అందుకే ‘దూరం’ గడి పక్కన ‘దూరం × 2 × రాకపోకల సంఖ్య’ అని ఇంకో గడి వేసుకోండి.

దూరాన్ని ఒకే సరళ సూత్రంలో పెట్టకుండా మెట్లుగా విడగొట్టండి. టెక్సస్ మీద ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, దగ్గరి క్లినిక్ 50 మైళ్లలోపు నుంచి 50–100 మైళ్లకు జరిగితే అబార్షన్ రేటు సుమారు 15 శాతం, 100–150కి జరిగితే సుమారు పాతిక శాతం, 150–200కి జరిగితే సుమారు 40 శాతం తగ్గింది. ఆ పైన ఎంత దూరం పెరిగినా పెద్దగా మార్పు లేదు. 200 మైళ్లు వెళ్లగలిగినామె 300 కూడా వెళుతుంది, వెళ్లలేనామె అంతకుముందే ఆగిపోయింది. మనకైతే ఈ మెట్లు 10, 25, 50 కిలోమీటర్లు కావచ్చు. మనిషికి కారుందా లేదా, చివరి బస్సు ఎన్నింటికి అన్నదాన్ని బట్టి మెట్టు తేలుతుంది. సాయంత్రం ఐదింటికే ఆఖరి బస్సు వెళ్లిపోయే ఊరికి 30 కిలోమీటర్లే పెద్ద మెట్టు.

దూరం మారకపోయినా రద్దీ మారుతుంది

దీన్ని చాలామంది మర్చిపోతారు. ఒక ప్రాంతంలో మూడు క్లినిక్‌లు, సేవ అవసరమయ్యే వయసు మహిళలు 6 లక్షలు అనుకోండి. క్లినిక్‌కు 2 లక్షలు. ఒకటి మూతపడితే క్లినిక్‌కు 3 లక్షలు. నగరంలో ఉండే మహిళకు దగ్గరి క్లినిక్ అదే, దూరం అదే. కానీ వరుస పెరుగుతుంది. డాలస్‌లో 2015లో ఒక దశలో అపాయింట్‌మెంట్‌కు 20 రోజుల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ 20 రోజులే దెబ్బ తీస్తాయి. అప్పట్లో టెక్సస్‌లో మాత్రల పద్ధతి ఏడు వారాల వరకే. ఆరో వారంలో ఫోన్ చేసిన మహిళకు తొమ్మిదో వారంలో చోటు దొరికితే మాత్రల దారి మూసుకుపోయి ఆపరేషన్ ఒక్కటే మిగులుతుంది. ఖర్చు ఎక్కువ, చేసే చోట్లు తక్కువ. పట్టికలో అబార్షన్ల మొత్తం సంఖ్యతో పాటు ఎన్నో వారంలో జరిగాయన్నది కూడా ఉండాలి. రద్దీ ముందు అక్కడే బయటపడుతుంది, మొత్తం సంఖ్యలో కనిపించేది తర్వాత.

రేటు ఒకటి, నిష్పత్తి ఇంకొకటి

రెండూ వాడుకలో ఉన్నాయి, రెండింటినీ కలిపేయడం కూడా వాడుకైపోయింది. రేటు అంటే వెయ్యి మంది మహిళలకు ఎన్ని. అమెరికాలో 15–44 ఏళ్లు, మన దగ్గర 15–49 ఏళ్లు తీసుకుంటారు. ఆ తేడా సరిచేయకుండా రెండు దేశాలను పక్కపక్కన పెట్టకూడదు. నిష్పత్తి అంటే వంద కాన్పులకు ఎన్ని అబార్షన్లు.

ఊహా అంకెలతో చూద్దాం. ఒక ప్రాంతంలో 15–49 ఏళ్ల మహిళలు 40,000. క్లినిక్ ఉన్న ఏడాది అబార్షన్లు 320, కాన్పులు 2,400. మూతపడ్డాక అబార్షన్లు 240, కాన్పులు 2,450. అబార్షన్ రేటు 8 నుంచి 6కు దిగింది, అంటే 25 శాతం తగ్గుదల. నిష్పత్తి 13.3 నుంచి 9.8కి దిగింది, అంటే 26.5 శాతం. నిష్పత్తిలో హారమే కాన్పులు కనుక, అబార్షన్లు ఒక్కటీ మారకపోయినా కాన్పులు పెరిగితే నిష్పత్తి తగ్గుతుంది. క్లినిక్ ప్రభావానికి రేటే వాడండి. కాన్పుల రేటు 60 నుంచి 61.25కి పెరిగింది. అబార్షన్లలో పాతిక శాతం మార్పు కాన్పుల్లో రెండు శాతంగా తేలింది. దీన్ని చూసి ‘ప్రభావం లేదు’ అనుకోవద్దు. కాన్పుల సంఖ్య మొదటే పెద్దది, అందుకే శాతం చిన్నదిగా కనిపిస్తుంది.

ఇంకో షరతు: లవం ఎప్పుడూ నివాసం ప్రకారం ఉండాలి, జరిగిన చోటు ప్రకారం కాదు. జరిగిన చోటు తీసుకుంటే క్లినిక్ మూసిన కౌంటీలో అబార్షన్లు సున్నా, పక్క నగరంలో రెట్టింపు. మహిళలు ప్రయాణం చేశారన్న సంగతి తప్ప అందులో ఏమీ తెలియదు. పక్క రాష్ట్రంలో చేయించుకున్నవి ఆ రాష్ట్రం లెక్క పంపితేనే మీ పట్టికలోకి వస్తాయన్నదీ గుర్తుంచుకోండి.

పోలిక లేకుండా ఒక్క అడుగు వేయొద్దు

టెక్సస్ 2012, 2014 లెక్కలను పోల్చినప్పుడు దగ్గరి క్లినిక్ 100 మైళ్లు, అంతకు మించి దూరమైన కౌంటీలలో అబార్షన్లు 50.3 శాతం తగ్గాయి. మొత్తం క్లినిక్ పాపమే అనాలనిపిస్తుంది. కానీ దూరం ఏమాత్రం మారని కౌంటీలలో కూడా 15.9 శాతం తగ్గాయి.

లెక్క ఇలా వేయండి. రెండు చోట్లా 2012ను 100 అనుకుంటే, 2014లో మొదటి చోట 49.7, రెండో చోట 84.1 మిగిలాయి. 49.7ను 84.1తో భాగిస్తే 0.59. దూరం మారని కౌంటీలలాగే నడిచి ఉంటే ఉండాల్సిన దానికంటే 41 శాతం తక్కువ. ప్రచురించదగిన అంకె ఇదే, 50 కాదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. దూరం మారని కౌంటీలను చట్టం తాకలేదనుకోకూడదు. రద్దీ, మాత్రల మీద ఆంక్షలు వాళ్లకూ తగిలాయి. అంటే ఆ 15.9లో కొంత చట్టం వల్లే. 41 శాతం దూరం ప్రభావాన్ని చెబుతుంది, చట్టం మొత్తం ప్రభావాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో పట్టిక పైనే రాసి పెట్టుకోండి.

తెరిచే దిశలోనూ ఇదే గొడవ. కొలరాడోలో 2009 నుంచి కాపర్ టీలు, ఇంప్లాంట్లు ఉచితంగానో చౌకగానో ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో టీనేజీ కాన్పులు భారీగా తగ్గాయి. ప్రభుత్వం ఆ తగ్గుదలనే చూపింది. కానీ అదే కాలంలో అమెరికా అంతటా టీనేజీ కాన్పులు తగ్గుతున్నాయి. పోలిక ప్రాంతాలతో సరిచూస్తే ఆ క్లినిక్‌లున్న కౌంటీలలో కార్యక్రమం వల్ల తగ్గింది ఐదేళ్లలో 6.4 శాతం. చిన్న అంకే, కానీ నిలబడే అంకె.

పోలిక ప్రాంతం ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి: మార్పు రాకముందు కనీసం నాలుగైదేళ్లు రెండు ప్రాంతాల గీతలూ ఇంచుమించు పక్కపక్కనే నడిచాయా? నడవకపోతే ఆ పోలిక వదిలేయండి. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా పోలిక ప్రాంతాలు మార్చుకుంటూ పోవడం మాత్రం మోసమే.

కాన్పులు ఎన్ని నెలలకు కనిపిస్తాయి

గర్భం వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నెలలు నిండటం 40 వారాలకు. ఎనిమిదో వారంలో అబార్షన్ దొరకని మహిళకు ఇంకా 32 వారాలు ఉన్నాయి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1న, సుమారు ఆరు వారాలు దాటాక అబార్షన్‌ను నిషేధించే చట్టం వచ్చింది. ఆ రోజుకు ఎనిమిది వారాలున్న మహిళ ప్రసవ తేదీ 2022 ఏప్రిల్ 13 ప్రాంతం. అందుకే పరిశోధకులు 2022 ఏప్రిల్ నుంచే అదనపు కాన్పులు వెతికారు. ఏప్రిల్–డిసెంబర్ మధ్య 9,799 అదనపు జననాలని అంచనా వేశారు. 2021 కాన్పులను 2020తో పోల్చి ‘ఏం మారలేదు’ అని రాస్తే, మారే అవకాశమే లేని నెలలను చూసినట్టు.

మరీ తొందరగా చూడటం ఒక తప్పయితే, మొదటి ఏడాదితోనే ఆగిపోవడం ఇంకో తప్పు. రొమేనియాలో 1966లో అబార్షన్‌ను దాదాపుగా నిషేధించారు. ఒక్క ఏడాదిలో ఒక మహిళకు సగటు పిల్లలు 1.9 నుంచి 3.7కు ఎగబాకింది. తర్వాత జనం వేరే దారులు వెతుక్కున్నారు, అంకె మళ్లీ దిగుతూ 1980లలో రెండు దరిదాపులకు వచ్చింది. ఆ వేరే దారుల మూల్యం ప్రసవ మరణాల పట్టికలో ఉంది: 1989 నాటికి లక్ష జననాలకు 170 ప్రాంతం. కాన్పుల రేటు ఒక్కటే చూసే పట్టికకు ఈ సంగతి అంటదు. తల్లుల మరణాలు, అబార్షన్ తర్వాత ఆసుపత్రిలో చేరినవాళ్ల సంఖ్య అన్న రెండు గడులు తప్పనిసరి.

తగ్గిన అబార్షన్లన్నీ కాన్పులు కావు

పైన మన ఊహా పట్టికలో 80 అబార్షన్లు తగ్గితే 50 కాన్పులు పెరిగాయి. మిగతా 30 ఏమయ్యాయి? కొందరు దూరపు క్లినిక్‌కు వెళ్లి ఉంటారు. కొందరు మాత్రలు తెప్పించుకుని ఉంటారు. కొన్ని గర్భాలు సహజంగానే పోతాయి. ఇకపై అబార్షన్ దొరకదని తెలిసి జాగ్రత్త పెంచినవాళ్లూ ఉంటారు. ఇలా జారిపోయిన భాగాన్ని విడిగా లెక్కకట్టాలి.

2021 సెప్టెంబర్‌లో టెక్సస్‌లో 2,164 అబార్షన్లు జరిగాయి. ఏడాది కిందటి సెప్టెంబర్‌లో 4,313. దాదాపు సగానికి సగం. కానీ ఆ నెలల్లో పక్క రాష్ట్రాలకు వెళ్లిన టెక్సస్ మహిళలు నెలకు సుమారు 1,400 మంది. రాష్ట్రం లోపలి పట్టిక చూపిన లోటులో పెద్ద భాగం సరిహద్దు దాటి పూడిపోయింది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్లలో చాలామందికి విమానం టికెట్, రెండు రోజుల సెలవు అందుబాటులో ఉంటాయి. మెక్సికో సరిహద్దును ఆనుకున్న రియో గ్రాండే లోయలో, ఉత్తరాన హైవే మీద వలస అధికారుల చెక్‌పోస్టు దాటడానికి కాగితాలు లేని మహిళకు ఆ దారి లేదు. సగటు ఈ ఇద్దరినీ ఒకే మనిషిగా చూపిస్తుంది. అబార్షన్‌కు రాజ్యాంగ హక్కు లేదన్న 2022 జూన్ 24 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నిషేధం పెట్టిన రాష్ట్రాలలో 2023 తొలి ఆరు నెలల్లో జననాలు సగటున 2.3 శాతం పెరిగాయని ఒక అంచనా. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వాళ్లలో అది 3.3 శాతం. వయసు, ఆదాయం వారీగా విడగొట్టని పట్టికను పూర్తయిందనుకోవద్దు.

ఆ తీర్పు తర్వాత ఇంకో వింత జరిగింది. పద్నాలుగు దాకా రాష్ట్రాలలో క్లినిక్‌లు లేకుండా పోయినా దేశం మొత్తంలో అబార్షన్లు తగ్గలేదు, 2023లో పది లక్షలు దాటాయి. ఫోన్ మీద డాక్టరు, పోస్టులో మాత్రలు. క్లినిక్ ఎంత దూరమన్న కొలత ఒక్కదానితోనే అందుబాటును చెప్పే రోజులు అక్కడ పోయాయి. 2022 తర్వాతి కాలానికి లెక్క వేసేవాళ్లు పోస్టు దారిని వేరే గడిగా పెట్టాల్సిందే.

ఇదే లెక్క మన జిల్లాలకు వేస్తే

మొదటి అడ్డంకి లవం. 2015కు వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఏటా 1.56 కోట్ల అబార్షన్లు. వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మందుల షాపు మాత్రలతో జరిగినవి. ఆసుపత్రులలో జరిగినవి 22 శాతమే. ఆ అంచనాకు సర్వే చేసిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి ఆ శాతాలను మన జిల్లాకు అచ్చంగా అంటించకండి. కానీ సంగతి అర్థమవుతుంది: ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్కల్లో కనిపించే అబార్షన్లు మొత్తంలో ఒక ముక్క. ఇంటింటి సర్వేలో ముఖాముఖి అడిగినప్పుడు ఇంకా తక్కువ చెబుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పినవాళ్లలోనే 27 శాతం ఇంట్లో తామే చేసుకున్నామన్నారు.

దీని ఫలితం చూడండి. ఏరియా ఆసుపత్రిలో శిక్షణ పొందిన డాక్టరమ్మ చేరింది. నెలకు మూడు కేసులు రాసే రిజిస్టరులో ముప్పై వచ్చాయి. ‘అబార్షన్లు పది రెట్లు పెరిగాయి’ అని శీర్షిక పెట్టేస్తారు. పెరిగింది రిజిస్టరు. ఆ ముప్పైలో చాలామంది అంతకుముందు మందుల షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్లేవాళ్లే.

అందుకని మన దగ్గర మొత్తం సంఖ్య బదులు కూర్పు చూడాలి. ఆరోగ్య శాఖ నెలవారీ నివేదికలలో 12 వారాల లోపు అబార్షన్లు, 12 దాటినవి, అబార్షన్ తర్వాతి ఇబ్బందులు, ఆ తర్వాత ఇచ్చిన గర్భనిరోధక పద్ధతి వేర్వేరుగా ఉంటాయి. సేవ నిజంగా దగ్గరైతే 12 దాటినవాటి వాటా తగ్గాలి, రక్తస్రావంతో సగంలో వచ్చే కేసులు తగ్గాలి. ఈ రెండూ కదలకుండా మొత్తం పెరిగితే రిజిస్టరు రాత మెరుగైందని అర్థం.

జాబితా కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. చట్టం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రికి వేరే అనుమతి అక్కర్లేదు, ప్రైవేటుకు జిల్లా కమిటీ అనుమతి కావాలి. అనుమతి ఉండటం వేరు, సేవ ఉండటం వేరు. గత మూడు నెలల్లో ఒక్క కేసూ చేయని ఆసుపత్రిని మీ లెక్కలో మూసిన క్లినిక్‌గానే రాయండి. 2021 సవరణ అదే ఏడాది సెప్టెంబర్ 24న అమల్లోకి వచ్చి కొన్ని కోవల మహిళలకు గడువును 20 నుంచి 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ ఆ గడువు వర్తిస్తుందని చెప్పింది. ఈ రెండు తేదీలకు ముందూ తర్వాతా పోల్చేటప్పుడు క్లినిక్ ప్రభావంలో చట్టం ప్రభావం కలిసిపోకుండా చూసుకోండి.

కాన్పుల వైపు చిక్కులు అచ్చంగా మనవే. మొదటి పురుడుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. జనన నమోదు కాన్పు జరిగిన చోట. అత్తగారి మండలంలో క్లినిక్ మూతపడి, కాన్పు పుట్టింటి మండలంలో నమోదైతే మీ పట్టికలో ప్రభావం తప్పు ఊళ్లో తేలుతుంది. నమోదు పత్రంలో తల్లి నివాసం గడి ఉంటుంది, దాని ప్రకారమే విడగొట్టండి. తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది, మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు. ప్రభుత్వాసుపత్రులలో కాన్పులు పెరిగాయి. అవి ప్రైవేటు నుంచి మారినవి, కొత్తగా పుట్టుకొచ్చినవి కావు. 2016 అక్టోబర్‌లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత ఖమ్మంను కొత్త ఖమ్మంతో పోలిస్తే సగం మహిళలు లెక్కలోంచి జారిపోతారు. మండలాల నుంచి కట్టుకుంటూ రావడం ఒక్కటే దారి.

అసలు మన రాష్ట్రాలలో అబార్షన్ సేవ దగ్గరైనా దూరమైనా మొత్తం కాన్పుల రేటు పెద్దగా కదలదు. 2019–21 సర్వేలో ఒక మహిళకు సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. వివాహిత మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ అయిపోతుంటే అనుకోని గర్భం వచ్చే కాలం పెళ్లికి, ఆపరేషన్‌కు మధ్యనున్న కొద్ది ఏళ్లే. అబార్షన్ సేవ ప్రభావం అక్కడ వెతకాలి: మొదటి బిడ్డకు, రెండో బిడ్డకు మధ్య ఎడం 24 నెలల లోపున్న కాన్పుల వాటా, 20 ఏళ్లలోపు తల్లుల కాన్పులు. జిల్లా మొత్తం జననాల గీత చదునుగా ఉన్నప్పుడు కూడా ఈ రెండు గీతలు కదులుతాయి.

వివరాలు తెచ్చుకునే దారి

ఆసుపత్రి అబార్షన్ రిజిస్టరు చట్టం ప్రకారం రహస్య పత్రం. దాన్ని అడగకండి, ఎవరైనా చాటుగా చూపిస్తామన్నా చూడకండి. ఆసుపత్రులు ప్రతి నెలా జిల్లా అధికారికి పంపే రెండో నమూనా నివేదికలో పేర్లు ఉండవు, మొత్తాలే ఉంటాయి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలోని సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, కనీసం 36 నెలలవి, ఆసుపత్రి వారీగా, నెల వారీగా అడగండి. ‘అబార్షన్ల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే గోప్యత పేరుతో తిప్పి పంపుతారు. ‘రెండో నమూనా నెలవారీ మొత్తాలు’ అని రాయండి.

ప్రచురించేటప్పుడు ఏ గడిలోనైనా అంకె పదిలోపుంటే ‘10 లోపు’ అని మాత్రమే వేయండి. వరుస మొత్తం పక్కనే ఉంటే తీసివేతతో ఆ అంకె బయటపడుతుంది కాబట్టి ఇంకో గడిని కూడా మూసేయండి. చిన్న మండలంలో, ఒకే ఆసుపత్రిలో, ఒక నెలలో 12 వారాలు దాటిన కేసు ‘1’ అని అచ్చయితే, అది ఎవరో ఆ ఊరికి తెలిసిపోతుంది.